ఎడారి ప్రయాణంలో మొదటి రోజు: ధర్మాబాద్ నుంచి కారులో ఇద్దరే బయలుదేరితే

మహారాష్ట్ర నాందేడ్ జిల్లాలోని మా ధర్మాబాద్‌లో డిసెంబరు అంటే మిర్చి దుకాణాలకు తీరిక. పాత సరుకు అడుగంటుతుంది, కొత్త మిర్చి దిగడానికి ఇంకా టైముంటుంది. ఆ సందులోనే నాలుగేళ్ళ కింద నేనూ మా ఆయనా గుజరాత్‌లోని తెల్ల ఉప్పు ఎడారి, కచ్ఛ్ రణ్ చూద్దామని కారెక్కాం. తొమ్మిదింటికి ఇల్లు కదిలి, ఒక్క దెబ్బలో ధూలే చేరాలని ప్లాను. అంటే 500 కిలోమీటర్లు. మధ్యాహ్నం మంఠా దాటాక వెనక టైరు పంచరైంది. స్టెప్నీ దించితే అందులోనూ గాలి లేదు. జాకీ ఉంది, దాన్ని తిప్పే కడ్డీ లేదు. చెరకు ట్రాక్టరు డ్రైవరొకాయన ఆగి సాయం చేయబట్టి గట్టెక్కాం. రాత్రి తొమ్మిదికి జాల్నాలో ఏదో లాడ్జిలో పడ్డాం. ఆ తర్వాత రెండు రోజులు కారులో హారను తప్ప ఇంకేమీ మాట్లాడలేదు.

నిరుడు మళ్ళీ వెళ్ళాం. ఈసారి మొదటి రోజు 350 కిలోమీటర్లే పెట్టుకున్నాం. వెలుతురుండగానే సంభాజీనగర్ (పాత పేరు ఔరంగాబాద్) చేరి, చాయ్ తాగి, బజారుకు కూడా పోయాం. మొదటి రోజు ఎడారి కనిపించదు. మొక్కజొన్న చేలు, పత్తి బండ్లు, స్పీడ్ బ్రేకర్లు, అంతే. కారూ ఒళ్ళూ ఇద్దరి నోళ్ళూ దారికి అలవాటు పడటమే ఆ రోజు పని. అంతకుమించి ఏం ఆశించినా నాలుగో రోజుకు పనికిరాకుండా పోతారు.

నేను చెప్పేది మా ఊరి నుంచి లెక్క. బిలోలి, దెగ్లూర్, కుండల్‌వాడి వాళ్ళకూ నాందేడ్ నుంచి ఇదే దారి.

ముందు తేదీ తేల్చుకోండి, పంచాంగం పట్టుకుని

తెల్ల ఎడారిని పౌర్ణమి రాత్రి చూడాలి. ఉప్పు నేల మీద వెన్నెల పడితే నీడలు కూడా తెల్లగా ఉన్నాయేమో అనిపిస్తుంది. కాబట్టి పౌర్ణమి నుంచి వెనక్కి లెక్క పెట్టండి. పౌర్ణమి నాడు భుజ్ నుంచి రణ్ అంచునున్న ధోర్డో ఊరికి, 80 కిలోమీటర్లు, హాయిగా వెళ్ళొచ్చు. చతుర్దశి నాడు వడోదర నుంచి భుజ్. త్రయోదశి నాడు సంభాజీనగర్ నుంచి ధూలే, సూరత్ మీదుగా వడోదర. ఇది నాలుగింటిలోకి పెద్ద రోజు, 500 పైనే ఉంటుంది. అంటే ఇల్లు కదలాల్సింది ద్వాదశి నాడు.

ఇక ఏ నెల? గోదావరి మీద మా దగ్గరి బాబ్లీ బ్యారేజీ గేట్లు దించగానే మాకు వానాకాలం అయిపోయినట్టు. 2013లో సుప్రీంకోర్టు చెప్పినదాని ప్రకారం జులై 1న గేట్లు ఎత్తితే అక్టోబరు 28 దాకా ఎత్తే ఉంచాలి. ఇక్కడ గోదావరిలో నీళ్ళు నిలబడటం మొదలయ్యే రోజుల్లో అక్కడ రణ్‌లో నీళ్ళు ఆరడం మొదలవుతుంది. నవంబరులో వెళ్ళినవాళ్ళకు చాలాసార్లు ఉప్పుకు బదులు బురద కనిపిస్తుంది. డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా బాగుంటుంది.

కార్తీక పౌర్ణమికి ఇంకో చిక్కు. దానికి మూడు రోజుల ముందు ద్వాదశి అంటే క్షీరాబ్ది ద్వాదశి. ఆ సాయంత్రం తులసికోట దగ్గర దీపం పెట్టకుండా కారెక్కుతానంటే మా అత్తమ్మ కారు ముందు పడుకుంటుంది. ముందు రోజు ఏకాదశికి పండరీపురం వెళ్ళినవాళ్ళంతా తిరిగొచ్చేదీ అప్పుడే. అందుకే మార్గశిర పౌర్ణమి పెట్టుకోండి. పౌర్ణమి రోజుల్లో ధోర్డో టెంట్లకూ, చుట్టుపక్కల ఊళ్ళలో గుండ్రటి మట్టి ఇళ్ళు భుంగాలకూ గిరాకీ ఎక్కువ. రెండు నెలల ముందే బుక్ చేసుకోండి. తేదీ అయ్యాక ఇంకొక్కటి చూడండి: ద్వాదశి మర్నాడు మంగళవారమైతే ఎల్లోరా మూసి ఉంటుంది. పొద్దున్నే ఎల్లోరా చూసి కదులుదామని ఎవరైనా ఊరిస్తే గుర్తుంచుకోవాలి కదా.

ముందు రోజు సాయంత్రం: కారు

సర్వీసింగు వారం ముందే అయిపోవాలి. ముందు రోజు చేయిస్తే, ఏదైనా నట్టు సరిగా బిగించలేదని తెలిసేది జింతూర్ దగ్గర. వారం ముందైతే ఊళ్ళోనే తెలుస్తుంది.

ముందు రోజు సాయంత్రం మాత్రం ఇద్దరూ కలిసి స్టెప్నీ బయటికి తీయండి. చూడటం కాదు, తీయడం. డిక్కీలో సామానంతా కింద పెట్టి, అడుగు చాప ఎత్తి, మర విప్పి, టైరు నేల మీద పెట్టండి. జాకీ, కడ్డీ, పానా మూడూ పక్కపక్కన పేర్చండి. మాకు కడ్డీ ఎక్కడ పోయిందో ఇప్పటికీ తెలియదు. రెండేళ్ళలో నలుగురు మెకానిక్‌లు ఆ డిక్కీ తెరిచారు, ఎవరినని అడుగుతాం? ఇంటి ముందే జాకీ పెట్టి కారును నాలుగు వేళ్ళు పైకి లేపి చూడండి. చక్రం నట్లు పానాకు కదులుతున్నాయో లేదో కూడా చూడండి. మిషనుతో బిగించినవి చేత్తో రావు. అప్పుడు పానా మీద కాలు పెట్టి తొక్కాలి. ఇది ఇంటి ముందు ఒకసారి చేసి ఉంటే రోడ్డు మీద చేతులు వణకవు.

ఆ టైరు పక్కన గోడ మీద అండాకారపు గీతలో నాలుగంకెలు ఉంటాయి. 2319 అని ఉంటే 2019లో 23వ వారం తయారైందని. స్టెప్నీ వాడం కాబట్టి కొత్తగానే కనిపిస్తుంది, కానీ రబ్బరు కూర్చున్నచోటే ముసలిదవుతుంది. మాది చూస్తే మా అమ్మాయి ఇంటరు చదివేనాటిది. ఇప్పుడది పుణెలో ఉద్యోగం చేస్తోంది.

గాలి ఎంత పెట్టాలో డ్రైవరు తలుపు తెరిస్తే చట్రం మీద స్టిక్కరు ఉంటుంది. మామూలుకు ఒక అంకె, నిండు బరువుకు ఒక అంకె. టైర్లు చల్లగా ఉన్నప్పుడే గాలి చూడాలి. పది కిలోమీటర్లు తోలి చూస్తే అంకె ఎక్కువే చూపిస్తుంది, బాగానే ఉందనుకుంటాం. అందుకే ముందు రోజు రాత్రే మీ వీధి పంచర్ షాపులో నాలుగింటితో పాటు ఐదోదానికీ గాలి పట్టించండి.

"ఎడారికి పోతున్నాం కదా, ఇసుకలో దిగడానికి గాలి తగ్గించాలా?" అని మా మరిది అడిగాడు. రణ్‌కు ఆ మాటే లేదు. ధోర్డో దాకా తారు రోడ్డు. కార్లు ఆపేచోట ఆపి, అక్కణ్ణుంచి కాలినడకనో ఒంటె బండి మీదో ఉప్పు మీదికి వెళ్తారు. పై పెచ్చు గట్టిగా కనిపించినా కింద బురద ఉంటుంది, కారు దింపితే అంతే సంగతి. ఇసుక తిన్నెలు కావాలంటే జైసల్మేర్ పోవాలి. అక్కడ కూడా మన ఇంటి కారును తిన్నెల మీదికి ఎక్కించకండి, అక్కడివాళ్ళ జీపు మాట్లాడుకోండి.

కూలెంటు, వైపరు నీళ్ళు, హెడ్‌లైట్లు, వెనక లైట్లు చూడటం ఐదు నిమిషాల పని. ఫాస్టాగ్‌లో డబ్బుందో లేదో చూడండి. ఏడాది పాసు తీసుకున్నవాళ్ళు ఒకటి గమనించాలి. అది జాతీయ రహదారుల టోళ్ళకే చెల్లుతుంది, సమృద్ధి మహామార్గ్ లాంటి రాష్ట్రం రోడ్ల మీద చెల్లదు.

సామాను: మూడు సంచులు, మూడు చోట్లు

పెద్ద సూట్‌కేసు డిక్కీలో అడుగున. దాన్ని భుజ్ దాకా ముట్టుకోకూడదు. స్వెటర్లు, మఫ్లర్లు, మేజోళ్ళు, బూట్లు, నల్ల కళ్ళద్దాలు అందులో. రణ్‌లో పగలు ఎండ ఉప్పు మీద పడి కళ్ళు చికిలిస్తాయి, రాత్రి పళ్ళు టకటకలాడతాయి. చెప్పులతో నడిస్తే ఉప్పు గళ్ళు కాలివేళ్ళ సందుల్లో దూరి కోస్తాయి, అందుకే బూట్లు.

రెండోది చిన్న సంచి, మొదటి రాత్రిది. ఇద్దరికీ ఒక జత బట్టలు, బ్రష్షులు, మాత్రలు, ఛార్జర్లు. ఇది వెనక సీటు మీద. లాడ్జి ముందు డిక్కీ తెరవకుండా ఈ ఒక్క సంచితో గదికి పోవాలి. నాకు ఈ ఆలోచన రావడానికి ఒక పెద్ద గొడవ కావాల్సి వచ్చింది, అది ఇక్కడ వద్దులెండి.

మూడోది ముందు సీట్ల మధ్య. నీళ్ళ సీసాలు, తువ్వాలు, చిల్లర నోట్లు, టార్చి, పత్రాలు. ఇద్దరి లైసెన్సులు, ఆర్సీ, ఇన్సూరెన్సు, పొల్యూషన్ పత్రం ఫోన్‌లో డిజిలాకర్‌లో ఉన్నా చాలు. ఆధార్ మాత్రం అసలు కార్డులూ పెట్టుకోండి, వాటి జిరాక్సులూ పెట్టుకోండి. లాడ్జిలో ఇద్దరివీ అడుగుతారు. తెల్ల రణ్‌కు పర్మిట్ తీసుకోవాలి, అక్కడ కూడా గుర్తింపు కార్డు కావాలి.

కొబ్బరినూనె సన్న మూతి సీసాలో పెట్టకండి. చలికి గడ్డకట్టి ఎంత పిండినా రాదు. వెడల్పు మూతి డబ్బాలో పోసుకోండి. ఇంకొకటి, మగవాళ్ళకు ప్రత్యేకంగా: నవాపూర్ దాటితే గుజరాత్, అక్కడ మద్యనిషేధం. డిక్కీలో "చలికోసం" అని దాచిన సీసా ఏదైనా ఉంటే మొదటి రోజే బయటపెట్టండి. మా ఇంట్లో తువ్వాల్లో చుట్టింది దొరికింది.

తిండి సంగతి. జొన్నరొట్టెలు, పల్లికారం, పులిహోర. పులిహోర మధ్యాహ్నానికి, రొట్టెలు సాయంత్రం దాకా ఉంటాయి. కూర వద్దు, అది సీట్ల మీద ఒలికేందుకే పుడుతుంది.

పొద్దున: చీకట్లో కాదు, తెల్లవారగట్లే

డిసెంబరులో మనవైపు ఆరూ నలభైకి గానీ పొద్దు పొడవదు. మగవాళ్ళు మూడింటికే లేచి వెళ్దామంటారు, రోడ్డు ఖాళీగా ఉంటుందని. ఖాళీగా ఉండదు. చెరకు ఫ్యాక్టరీలు నడిచే కాలమది. ఒక ట్రాక్టరుకు రెండు ట్రాలీలు, ట్రాలీని మించి పక్కలకు పొడుచుకొచ్చిన చెరకు గడలు, వెనక లైటు ఉండదు. చీకట్లో అది మీకు ముప్పై అడుగుల దూరంలో కనిపిస్తుంది. పొగమంచు ఉంటే అదీ లేదు. అందుకే ఆరింటికి ఇల్లు కదిలితే సరి. ఊరు దాటి చేల మధ్యకు వచ్చేసరికి తూర్పు తెల్లబడుతుంది.

కారుకు బాసరలో పూజ చేయించాలనుకుంటే అది ముందు రోజే కానివ్వండి. బాసర పక్కనే ఉంది నిజమే, కానీ మన దారికి అది వెనక దిక్కు. బయలుదేరే పొద్దున అక్కడికి పోతే గంటన్నర పోతుంది. గుమ్మం ముందు నిమ్మకాయలు తొక్కించి కదలండి, చాలు. వెళ్ళొస్తామని చెప్పేవాళ్ళకు రాత్రే ఫోను చేసేయండి. పొద్దున ఒక్కో ఫోను పావుగంట.

ఎవరు ముందు తోలాలి? నాకు లైసెన్సు వచ్చింది నలభై రెండో ఏట. మొదటి ప్రయాణంలో స్టీరింగ్ నాకివ్వలేదు. నిరుడు ముందే ఒప్పందం: రెండు గంటలకోసారి మారడం. పొద్దున మొదటి వంతు నాది, ఎందుకంటే ఊరి రోడ్లు నాకు తెలిసినవి. మీలో తక్కువ అలవాటున్నవాళ్ళకే మొదటి వంతు ఇవ్వండి. పక్క సీట్లో కూర్చున్నవాళ్ళు ఫోను, మ్యాపు, నీళ్ళు, చిల్లర చూసుకోవాలి. పాటలు, ఏసీ, ఎక్కడ ఆగాలి అనేది తోలేవాళ్ళ ఇష్టం. పక్కవాళ్ళు "బ్రేక్! బ్రేక్!" అనకూడదు. మా ఆయన అనడం మానేశాడు గానీ, కాలు మాత్రం మానలేదు. తన కాళ్ళకింద కూడా ఒక బ్రేకు ఉన్నట్టు నాందేడ్ దాకా తొక్కుతూనే ఉన్నాడు.

నాందేడ్ దాటి ఔంఢా దాకా

నాందేడ్ 80 కిలోమీటర్లు. ఎనిమిదింటి లోపే దాటేయాలి, తర్వాత స్కూలు ఆటోలు, ఆఫీసు బండ్లు. హుజూర్ సాహిబ్ గురుద్వారా మీకు ఎప్పుడైనా అందేదే కదా, ఈ రోజు కారులోంచే దండం పెట్టుకోండి.

నాందేడ్ నుంచి సంభాజీనగర్‌కు రెండు దారులు. పర్భణీ మీదుగా ఒకటి, బస్మత్, ఔంఢా, జింతూర్ మీదుగా ఒకటి. నేను రెండోదే చెప్తాను. ఔంఢా నాగనాథ్ సరిగ్గా టిఫిను వేళకు తగులుతుంది, కాళ్ళు చాచుకోవడానికి ఒక నెపం దొరుకుతుంది. బస్మత్‌లో పసుపు బజారు ఉంది. కొనడానికి ఆగకండి. తిరుగు ప్రయాణంలో కొనుక్కోవచ్చు. డిక్కీలో ఇప్పుడు పసుపు బస్తా పెడితే రణ్‌లో మీ స్వెటర్లు కూడా పచ్చగా ఉంటాయి.

ఔంఢాలో గంట మించి ఆగొద్దు. జ్యోతిర్లింగం కాబట్టి సోమవారం జనం తోసుకుంటారు. మీ ద్వాదశి సోమవారమైతే బయటి నుంచే దండం పెట్టుకుని కదలండి. మామూలు రోజైతే దర్శనం దొరుకుతుంది. గర్భగుడి నేలకింద ఉంటుంది, ఇరుకు మెట్లు దిగి ఒంగి వెళ్ళాలి. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు ఆలోచించుకోండి, ఇంకా దూరం పోవాల్సి ఉంది. ఇక్కడ నంది గుడి ముందు ఉండదు, వెనక ఉంటుంది. నామదేవుణ్ణి ముందు కూర్చుని భజన చేయనివ్వకపోతే వెనక్కి పోయి పాడాడట, గుడే ఆయన వైపు తిరిగిందట. ఆ నామదేవుడి ఊరని చెప్పే నర్సీ ఈ హింగోలి జిల్లాలోనే ఉంది. నేను ఈ కథ చెప్తుంటే మా ఆయన, "చూసినవా, దేవుడైనా మనిషి కోసం బండి తిప్పిండు, నువ్వు ఇడ్లీ బండి కోసం తిప్పవా?" అన్నాడు. తిప్పాను.

ఆడవాళ్ళకు ఒక మాట. బాత్‌రూమ్ ఎక్కడ దొరుకుతుందోనని నీళ్ళు తాగడం మానేయకండి. మొదటి ప్రయాణంలో నేను అలాగే చేసి మధ్యాహ్నానికి తలనొప్పితో కళ్ళు తెరవలేకపోయాను. పెట్రోలు బంకుల్లో బాత్‌రూమ్ వాడుకోవడానికి పెట్రోలు పోయించుకోనక్కర్లేదు. నాందేడ్ దాటగానే ఒకటి, ఔంఢా దగ్గర ఒకటి, జింతూర్‌లో ఒకటి, జాల్నాలో ఒకటి. అవసరమున్నా లేకున్నా ఆగండి. పెద్ద బంకు, రోడ్డుకు దగ్గరగా, లారీలతో పాటు కుటుంబాల కార్లు కూడా ఆగి ఉన్నది చూసుకోండి. తాళం వేసి ఉంటే తాళంచెవి అడగండి, మొహమాటం ఎందుకు?

జింతూర్ నుంచి జాల్నా: ఓపిక పట్టే చోటు

ఇది పొడవైన ముక్క, 110 కిలోమీటర్ల దాకా. జింతూర్, మంఠా, జాల్నా. అందమైన దారేమీ కాదు. తొలికారు పత్తి ఇళ్ళకు చేరుతుంటుంది, శనగ చేలు పచ్చగా ఉంటాయి. ఊరు వచ్చినప్పుడల్లా స్పీడ్ బ్రేకరు, కొన్నిటికి రంగు ఉండదు. ముందు పోయే మోటారు సైకిలు లేచిందంటే మీరు బ్రేకు వేయాలి, అదే గుర్తు.

చెరకు ట్రాలీ వెనక పడ్డారనుకోండి. రెండు ట్రాలీలు కలిసి బస్సుకంటే పొడుగు. దాన్ని దాటేందుకు మీరనుకున్నదానికి రెట్టింపు ఖాళీ రోడ్డు కావాలి. డ్రైవరుకు వెనక ఏమీ కనిపించదు, ట్రాక్టరు చప్పుడుకు హారను కూడా వినిపించదు. కాబట్టి నాలుగు కార్ల దూరం వదిలి, కుడివైపు కొంచెం జరిగి, అతని అద్దంలో మీ కారు కనిపించేలా కాసేపు ఉండండి. చెయ్యి బయటికి ఊపి పొమ్మంటాడు. అప్పుడు కూడా మీ కళ్ళతో చూసుకునే దాటండి. ఈ ముక్కలో మేం అలాంటివి పదకొండు లెక్కపెట్టాం. లెక్కపెడితే చిరాకు తగ్గుతుంది, ఆట అవుతుంది. ఓడిపోయినవాళ్ళు జాల్నాలో చాయ్ ఇప్పించాలి.

దారి అనుమానమైతే మ్యాపు కంటే మనిషిని అడగడం మేలు. "భావూ, జాల్న్యాలా హాచ్ రస్తా కా?" అంటే చాలు. మన మరాఠీలో తెలుగు యాస వాళ్ళకు తెలిసిపోతుంది, నవ్వుతారు, కానీ చక్కగా చెప్తారు. ఒకాయనైతే మా బండి మీద ఎమ్‌హెచ్ 26 చూసి, నాందేడ్ వాళ్ళా అని తన వియ్యంకుల ఊరు చెప్పాడు. చూస్తే అది మా పక్క ఊరు.

భోజనం జాల్నాకు ముందో తర్వాతో, ఒక చెట్టు, కాస్త నీడ, కారు రోడ్డు దిగి ఆగే చోటు చూసుకుని. ధాబాలో కూర్చుంటే శేవ్ భాజీ వాసన పిలుస్తుంది. మన కారానికి అది ఏమాత్రమూ తక్కువ కాదు, పైగా నూనె. మొదటి రోజు వద్దు. పులిహోర తిని, ధాబాలో చాయ్ మాత్రం తాగండి. జాల్నా మోసంబీకి పేరు. రోడ్డు పక్క గుట్టలుగా పోసి అమ్ముతారు. చేతిలోకి తీసుకుంటే సైజుకు మించి బరువుగా ఉన్నవి ఏరుకోండి, వాటిలో రసం ఉంటుంది. రెండు కిలోలు రెండో రోజు మొత్తానికి వస్తాయి.

జాల్నా దగ్గర మ్యాపు చెప్పే మాట వినకండి

ఇక్కడ ఫోను మిమ్మల్ని సమృద్ధి మహామార్గ్ ఎక్కమంటుంది. నాగ్‌పూర్ నుంచి ముంబై దాకా 701 కిలోమీటర్ల రోడ్డు, గంటకు 120 దాకా పోవచ్చు. మంచి రోడ్డే. కానీ సంభాజీనగర్ పాత రోడ్డు మీద అరవై కిలోమీటర్లే. భోజనం చేసిన గంటలో, మలుపు లేని, చెట్టు లేని, ఖాళీ కాంక్రీటు మీద వంద దాటి పోతుంటే కళ్ళు తెరిచే ఉంటాయి, మనిషి నిద్రపోతాడు. పాత రోడ్డు మీద ట్రాఫిక్ ఉంటుంది, హారన్లు మోగుతాయి, ఆ గోలే మనల్ని మేలుకొలిపి ఉంచుతుంది. మిగిలేది పదిహేను నిమిషాలు. ఆ పదిహేను నిమిషాలతో ఆ రోజు మీరు చేసే ఘనకార్యం ఏమీ లేదు.

నిద్ర వస్తే పాటల సౌండు పెంచకండి. ఆపండి. సీటు వాల్చి ఇరవై నిమిషాలు పడుకోండి, రెండోవారు మేలుకుని ఉండాలి.

చేరాక

మూడున్నర, నాలుగుకు ఊళ్ళో ఉంటారు. ఊరి పేరు 2023లో ఛత్రపతి సంభాజీనగర్ అయింది, ఆటోవాళ్ళ నోట ఇంకా ఔరంగాబాదే. లాడ్జి ఊరి నడుమ తీసుకోకండి. మర్నాడు ధూలే వైపు పోవాలి కాబట్టి ఆ దిక్కున, పార్కింగు లోపల ఉన్నది చూసుకోండి. కారు ముక్కు బయటికి తిప్పి పెట్టండి.

గదిలోకి పోయి మంచం మీద వాలారంటే అయిపోయింది, మళ్ళీ లేవరు. ముందు కారు చుట్టూ ఒకసారి తిరగండి. టైర్లలో మేకు గుచ్చుకుందా, కింద నూనె చుక్కలున్నాయా అని. చేత్తో నాలుగు చక్రాల దగ్గరా వేడి చూడండి, రేకును తాకకుండా పైనుంచే. ఒకటి మాత్రమే మిగతావాటికంటే సెగలు కక్కుతుంటే బ్రేకు పట్టేస్తోందని అర్థం. సంభాజీనగర్‌లో మెకానిక్ దొరుకుతాడు, రేపు ఘాట్‌లో దొరకడు. పెట్రోలు సగానికి పైగా ఉంటే చాలు. కొన్నేళ్ళుగా గుజరాత్‌లో లీటరు మనకంటే చౌకగా ఉంటోంది, నవాపూర్ దాటాక నింపుకోవచ్చు. ఆ నవాపూర్ రైల్వే స్టేషను సగం మహారాష్ట్రలో, సగం గుజరాత్‌లో ఉంటుంది, రేపు తీరికుంటే చూడండి.

అప్పుడు స్నానం చేసి బయటికి పోండి. ఒక్కటే చోటు పెట్టుకోండి. బీబీ కా మక్బరా చూస్తారా, చూడండి. మేం బజారుకు పోయాం, హిమ్రూ శాలువా కోసం. నూలూ పట్టూ కలిపి నేసే బట్ట, ఈ ఊరిదే. కొట్టతను రెండు శాలువాలు వేశాడు. తిప్పి చూశాను. ఒకదాని వెనకవైపు దారాలు వదులుగా, వరసలు వరసలుగా తేలి ఉన్నాయి. రెండోదాని వెనక అద్దకం బట్టలా సాపుగా ఉంది. మొదటిదే నేత, ధర మూడు రెట్లు. మా ఆయన వెనక్కి తిరిగి గోడ గడియారం చూస్తున్నాడు. నేత శాలువాయే తీసుకున్నాను. నాలుగో రోజు రాత్రి ఉప్పు మీద చలిగాలి కొట్టినప్పుడు సగం ఆయనే కప్పుకున్నాడు, అది వేరే సంగతి.

రాత్రి భోజనం తేలికగా. నాన్ ఖలియా ఈ ఊరి పేరున్న వంటకం, మటను పులుసులో నాన్ ముంచుకుని తింటారు. తినాలనిపిస్తే ఏడింటికే తినేయండి, పదింటికి కాదు. ఇంటికి ఫోను చేసి చేరామని చెప్పండి, అత్తమ్మకు ముందు, పుట్టింటికి తర్వాత. ఈ వరస మారితే ఎడారి కంటే ముందే వేడి పుడుతుంది.

పడుకునే ముందు పది నిమిషాలు, ఇద్దరూ కూర్చుని, ఈ రోజు ఏది విసిగించిందో చెప్పుకోండి. ఒక్కొక్కరు ఒక్కటే. నాది ఆయన కాలి బ్రేకు. ఆయనది నేను ప్రతి గుడి దగ్గరా కారు నెమ్మది చేయడం. రెండోదానికి నేనేమీ మాట ఇవ్వలేదు.

ఇక అలారం. మా ఆయన నాలుగున్నరకు పెట్టాడు, 500 కిలోమీటర్లున్నాయి కదా అని. రేపు ముందుగా వచ్చేది కన్నడ్ దాటాక ఘాట్, చాళీస్‌గావ్ వైపు దిగుడు. చలికాలం పొద్దున అక్కడ మంచు మూసుకుంటే కారు ముక్కు కూడా కనిపించదు. కన్నడ్ అరవై కిలోమీటర్ల దూరం. నాలుగున్నరకు లేచి ఐదుకు కదిలితే చీకట్లో, మంచులో ఆ మలుపుల మీద ఉంటారు. ఆయన నిద్రపోయాక ఫోను తీసి అలారం ఆరింటికి మార్చాను. మీరూ మార్చండి.